నయమయ్యే జబ్బుకు దాపరికమెందుకు?

సుఖవ్యాధులన్నింటినీ ఒకే గాటన కట్టి, ‘అంటుకుంటే ఇక అంతే’ అనుకోవడం మనకు అలవాటు. నిజానికి సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమొనియాసిస్ మందులతో పూర్తిగా నయమవుతాయి. తొలి దశ సిఫిలిస్‌కు సాధారణంగా బెంజథీన్ పెన్సిలిన్ సూది ఒక్కటి చాలు. అదే జబ్బును గర్భిణిలో గుర్తించకపోతే కడుపులో బిడ్డే పోవచ్చు. అంటే, నయమయ్యేదల్లా తేలికైనది కాదు. క్లమీడియా చాలామంది స్త్రీలలో ఏ లక్షణమూ చూపదు. కొందరికి గర్భనాళాలు దెబ్బతిని పిల్లలు పుట్టనప్పుడే బయటపడుతుంది. ఇక హెర్పిస్, హెచ్‌ఐవీ ఒంట్లోంచి పోవు. కానీ హెచ్‌ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మాత్రలు రోజూ వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిస్తే, లైంగిక సంబంధం ద్వారా హెచ్‌ఐవీ మరొకరికి సోకదు. జీవితాంతం ఉండే జబ్బల్లా ప్రాణం తీసేది కాదు.

ఇలా రాస్తే జనానికి భయం పోయి విచ్చలవిడితనం పెరుగుతుందని కొందరి అభ్యంతరం. ఇన్నేళ్లూ ఆ భయం చేసిందేమిటి? రోగిని డాక్టరు దగ్గరికి కాక మందుల షాపుకు పంపింది. అక్కడ ఇచ్చిన యాంటీబయాటిక్ రెండు రోజులు వాడి మానేస్తారు. గనేరియా క్రిమి ఒక్కో మందుకూ లొంగకుండా పోవడానికి ఇలాంటి వాడకమూ ఒక కారణం. పైగా భర్త ఒక్కడే గుట్టుగా మందు వేసుకుంటే, భార్య నుంచి జబ్బు మళ్లీ అతనికే రావచ్చు. (నింద మాత్రం ఆమెకే!) ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో పరీక్షలూ మందులూ ఉచితం, భాగస్వామికీ చికిత్స చేస్తారు. సందేహముంటే 1097 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు.