టిక్... టిక్... ఎక్కడిదీ చప్పుడు?

ఎస్.రాయవరం నుంచి అడ్డరోడ్డు మీదుగా విశాఖ వెళ్లాలి. పిల్లలు కారెక్కేశారు. తాళం తిప్పితే 'టిక్ టిక్'మనడమే తప్ప ఇంజిన్ తిరగదు. అంతమాత్రాన కొత్త బ్యాటరీ కొనేయక్కర్లేదు!

హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. బాగా మసకబారితే బ్యాటరీలో ఛార్జింగ్ లేదు, లేదా టెర్మినళ్లు వదులయ్యాయి. వెలుగు తగ్గకపోతే స్టార్టర్‌ని అనుమానించాలి. రేవుపోలవరంలాంటి సముద్రగాలి తగిలే ఊళ్లలో టెర్మినళ్లు తొందరగా చిలుం పడతాయి. ఇంజిన్ ఆపి, ముందు నెగెటివ్ వైరు విప్పి, వంటసోడా నీళ్లతో తుడిస్తే చాలాసార్లు బండి కదులుతుంది.

మల్టీమీటరుంటే మరీ మంచిది. ఆగిన బండిలో 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 14 చూపాలి. పెరగలేదంటే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ చేయట్లేదన్నమాట. దాన్ని పరీక్షిస్తానంటూ నడుస్తున్న ఇంజిన్‌కి బ్యాటరీ వైరు మాత్రం ఎవర్నీ పీకనివ్వకండి. అంబాసిడర్ల కాలంనాటి ఆ అలవాటు ఇప్పటి కార్లలో ఈసీయూని కాల్చేయగలదు.