గూడెంలో నిట్‌ ఉన్నది. మన పిల్లలకు దారి ఏది?

తాడేపల్లిగూడెంలో పుట్టిన ఒక షేక్‌ కుటుంబపు విద్యార్థి నూజివీడు ట్రిపుల్‌ ఐటీకి దరఖాస్తు చేస్తే అతడు వెనుకబడిన తరగతుల అభ్యర్థి. ఎప్‌సెట్‌ రాసి భీమవరంలోనో ఏలూరులోనో ఇంజనీరింగు సీటు కోరినా బి.సి.-ఇ అభ్యర్థే. అదే విద్యార్థి తన ఊళ్లోనే ఉన్న నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ టెక్నాలజీలో ఎలక్ట్రానిక్స్‌ చదవాలనుకుంటే మాత్రం ఒక్కసారిగా అగ్రవర్ణాల వరుసలో నిలబడవలసి వస్తుంది. ఇంటి పేదరికం మారలేదు. తండ్రి వృత్తి మారలేదు. అతడు చదివిన మునిసిపల్‌ బడి మారలేదు. మారినది ప్రభుత్వం చేతిలోని జాబితా ఒక్కటే. ఒకే మనిషిని రాష్ట్రం వెనుకబడినవాడనీ, కేంద్రం కాడనీ అంటున్న ఈ వైపరీత్యాన్ని గురించి మన నాయకులు ఏ వేదిక మీదా గట్టిగా మాట్లాడకపోవడమే ఈ వ్యాసానికి కారణం.

రాష్ట్ర విభజన చట్టం, 2014లోని పదమూడవ షెడ్యూలు ఆంధ్రప్రదేశ్‌కు ఒక నిట్‌ ఇస్తామని మాట ఇచ్చింది. 2015లో అది తాడేపల్లిగూడానికి వచ్చింది. మొదట వరంగల్లు నిట్‌ దానికి మార్గదర్శకత్వం వహించింది. నిట్‌ సీట్లలో సగం సొంత రాష్ట్రపు విద్యార్థులవి. అంటే ఉల్లి మార్కెట్టులో బస్తాలు మోసే హమాలీ బిడ్డకూ, కొల్లేటి గట్టు మీది పల్లెలో చేపల లారీ నడిపే డ్రైవరు బిడ్డకూ గడప ముందుకే ఉన్నత సాంకేతిక విద్య నడిచివచ్చింది. అయితే గేటు దగ్గర కావలివాడు అడిగే కాగితం వేరు.

జాబితాల వెనుక కథ

ఆ కాగితం కథ తెలియనివారి కోసం చెబుతాను. ముస్లింలకు 2004, 2005లలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కల్పించిన రిజర్వేషన్లను హైకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత విశ్రాంత ఐ.ఏ.ఎస్‌. అధికారి పి.ఎస్‌. కృష్ణన్‌ నివేదిక ఆధారంగా 2007లో కొత్త చట్టం వచ్చింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలను బి.సి.-ఇ పేర చేర్చి 4 శాతం కేటాయించారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేయగా, ఆ మార్చిలోనే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో పద్నాలుగు వర్గాలకు కొనసాగించి, అసలు వ్యాజ్యాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. నాటి నుండి నేటి వరకు వేలాది కుటుంబాల భవిష్యత్తు ఒక మధ్యంతర ఉత్తర్వు నీడలోనే నడుస్తున్నది.

కేంద్ర విద్యాసంస్థలలో 27 శాతం ఓ.బి.సి. సీట్లకు ఆధారం 2006 నాటి ప్రవేశాల రిజర్వేషన్‌ చట్టం. దానికి ప్రమాణం రాష్ట్ర జాబితా కాదు, కేంద్ర జాబితా. దూదేకుల, నూర్‌బాష్‌, మెహతర్‌ వంటి కొన్ని వర్గాలు అందులో ఉన్నాయి. మన జిల్లాలలో అధిక సంఖ్యాకులైన షేక్‌లు అందులో లేరు. పద్దెనిమిదేళ్లు దాటినా రాష్ట్రం గుర్తించిన వెనుకబాటుతనం ఢిల్లీ దాకా ప్రయాణం చేయలేదు.

“మతం పేరుతో రిజర్వేషన్‌ ఏమిటి?” అని అడిగేవారికి ఒక్కటే సమాధానం. 2007 చట్టం సయ్యద్‌లను, పఠాన్‌లను, మొగలులను, అరబ్బులను ఈ జాబితా నుండి మినహాయించింది. మతమే ప్రమాణమైతే వారిని ఎందుకు మినహాయిస్తారు? క్షౌరవృత్తివారు, చాకలివారు, అత్తరు అమ్ముకొనేవారు, గారడీవారు, ఫకీర్లు, కసాబులు – ఈ పేర్లన్నీ వృత్తుల పేర్లు. అదే వృత్తిలో ఉన్న హిందూ సోదరుడు వెనుకబడినవాడైనప్పుడు, నమాజు చేసినంత మాత్రాన ఇతడు ముందుకు వెళ్లిపోయాడా? మతం చూసి ఇవ్వడం తప్పయితే, మతం చూసి నిరాకరించడం ఒప్పు ఎలా అవుతుంది?

జస్టిస్‌ రాజిందర్‌ సచార్‌ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని పేరెన్నికగన్న కళాశాలలలో డిగ్రీ విద్యార్థులు ఇరవై ఐదుగురిలో ఒక్కరు, పి.జి. విద్యార్థులు యాభై మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలు. 2001 జనగణన నాటికే దేశ జనాభాలో మన వాటా 13.4 శాతం. ఇరవై ఐదుగురిలో ఒక్కడంటే ఎంతో లెక్క కట్టడానికి ఇంజనీరు కానక్కరలేదు.

చెల్లే కాగితం, చెల్లని కాగితం

పోరాటం ఒక వైపు సాగవలసిందే. అయితే ఈ లోపల ఉన్న దారిని కూడా మూసుకొంటున్నాము. 103వ రాజ్యాంగ సవరణ తరువాత కేంద్ర సంస్థలలో ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం సీట్లు ఉన్నాయి. కేంద్ర జాబితాలోని ఎస్‌.సి., ఎస్‌.టి., ఓ.బి.సి. రిజర్వేషన్‌ పరిధిలోకి రాని, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉన్న, భూమి, ఇంటి పరిమితులు దాటని ఎవరైనా దానికి అర్హులే. కాబట్టి కేంద్ర ఓ.బి.సి. జాబితాలో లేని షేక్‌ విద్యార్థి నిట్‌ ప్రవేశానికి ఇ.డబ్ల్యు.ఎస్‌. పత్రం పొందవచ్చు.

ఇక్కడే చిక్కు. దరఖాస్తు పట్టుకొని వెళ్లిన తండ్రికి, “మీరు బి.సి. కదా, ఇ.డబ్ల్యు.ఎస్‌. ఎలా వస్తుంది?” అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆయన తల వంచుకొని తిరిగి వస్తాడు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితమంతా గడిపినవాడిగా చెబుతున్నాను: బల్లకు అవతల ఉన్న వ్యక్తికి దురుద్దేశం ఉండనక్కరలేదు. ఉత్తర్వు చదవకపోతే చాలు, ఒక పిల్లవాడి ఏడాది పోతుంది. రాష్ట్ర ప్రయోజనానికి బి.సి.-ఇ, కేంద్ర ప్రయోజనానికి ఇ.డబ్ల్యు.ఎస్‌. అని స్పష్టంగా రాసి, కేంద్ర నమూనాలో పత్రం కోరాలి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి. నోటిమాట మీద అప్పీలు ఉండదు. రాత మీద ఉంటుంది. పత్రం ఆ ఏడాది ఏప్రిల్‌ 1 తరువాత జారీ అయినదై ఉండాలన్న నిబంధననూ మరువరాదు. నిరుటి పత్రంతో కౌన్సెలింగుకు వెళ్తే వచ్చిన సీటూ చేజారుతుంది. దూదేకుల సోదరులు మాత్రం ఈ దారిలో వెళ్లరాదు. వారికి ఓ.బి.సి. పత్రమే చెల్లుతుంది.

ఇది న్యాయం అని నేను అనడం లేదు. వెనుకబడినవాణ్ణి అగ్రవర్ణ పేదలతో పోటీకి నిలబెట్టడం న్యాయం కాదు. అయితే ఆకలిగొన్నవాడు పూర్తి భోజనం వచ్చేదాకా చేతిలోని రొట్టెను పారవేయడు.

ఫీజు మాటకు వస్తే, నిట్‌లో ట్యూషను ఫీజు ఏడాదికి లక్షా పాతిక వేలు అనగానే మనవారు వెనక్కు తగ్గుతారు. కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే ఆ ఫీజు పూర్తిగా మాఫీ. లక్ష నుండి అయిదు లక్షల వరకు మూడింట రెండు వంతులు మాఫీ. దీనికి కులంతో గాని మతంతో గాని పని లేదు. ఈ సంగతి మన మసీదు కమిటీలలో ఎందరికి తెలుసు? మరో వైపు కేంద్రం ముస్లిం విద్యార్థుల చేయి వదిలిపెడుతున్నది. మౌలానా ఆజాద్‌ ఫెలోషిప్‌ను 2022లో నిలిపివేశారు. వృత్తి, సాంకేతిక కోర్సులు చదివే మైనారిటీ విద్యార్థుల మెరిట్‌-కమ్‌-మీన్స్‌ ఉపకార వేతనానికి 2022-23 బడ్జెట్‌లో 365 కోట్లు కేటాయించి, మరుసటి ఏడాది 44 కోట్లకు కుదించారు. సబ్‌కా వికాస్‌ అన్న నినాదానికి ఈ రెండు అంకెలే వ్యాఖ్యానం.

చేతికి తెలిసిన విద్య

ఇక మన వంతు. గూడెంలో, ఏలూరులో సెల్‌ఫోన్ల మరమ్మతు దుకాణాలు, ఇన్వర్టర్ల షాపులు, మోటారు వైండింగు షెడ్లు చూడండి. వాటిలో మన కుర్రవాళ్లు ఎందరు! వేడి గాలి గన్నుతో బోర్డు మీది చిప్పును ఊడదీసి, మిల్లీమీటరు తేడా లేకుండా కొత్తది అమర్చే పదిహేడేళ్ల పిల్లవాడి చేతిలో ఉన్నది ఎలక్ట్రానిక్సే. ఏ భాగం పోయిందో అతడికి తెలుసు. ఎందుకు పోయిందో, దానిని ఎవరు ఎలా రూపొందించారో తెలియదు. ఆ తెలియనిదాని పేరే ఇంజనీరింగు. నెట్‌వర్క్‌ సిద్ధాంతం, సిగ్నల్స్‌, డిజిటల్‌ సర్క్యూట్లు, మైక్రోప్రాసెసర్లు, చిప్‌ డిజైన్‌, వాటి సరసన ప్రోగ్రామింగు, ఆపరేటింగ్‌ సిస్టమ్‌లు – ఈ చదువంతటికీ పునాది గణితం. ఇంటర్మీడియట్‌లో సంకీర్ణ సంఖ్యలూ అవకలన సమీకరణాలూ అర్థం కాకపోతే, బి.టెక్‌. రెండో ఏట సిగ్నల్స్‌ పాఠం గోడలా నిలబడుతుంది. అందుచేత మనం కాపాడవలసినది ఆరో తరగతి నుండి పదో తరగతి వరకు లెక్కల చదువును.

“ఇంజనీర్లు వీధికొకరు ఉన్నారు, ఈ చదువు ఎందుకు?” అని పెద్దలు అంటారు. వీధికొకరు ఉన్నది పట్టా పుచ్చుకొన్నవారు. 2021లో కేంద్రం 76,000 కోట్లతో సెమీకండక్టర్‌ పథకం ప్రకటించింది. ఆ పరిశ్రమకు కావలసినది పని తెలిసిన చేయి, సూత్రం తెలిసిన బుద్ధి రెండూ ఉన్నవారు. చేయి మన దగ్గర ఉన్నది. బుద్ధికి తలుపు మనమే మూస్తున్నాము.

పదో తరగతి తరువాత దుకాణంలో చేరిన పిల్లవాడికి కూడా దారి ఉన్నది. పాలీసెట్‌ రాసి ఎలక్ట్రానిక్స్‌ డిప్లొమా, ఆపైన ఈసెట్‌ ద్వారా నేరుగా బి.టెక్‌. రెండో సంవత్సరం. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్న ప్రభుత్వ బడి విద్యార్థికి నూజివీడు ట్రిపుల్‌ ఐటీ ఉన్నది. అక్కడ బి.సి.-ఇ చెల్లుతుంది. జె.ఇ.ఇ. మెయిన్‌ 2021 నుండి తెలుగులోనూ ఉర్దూలోనూ రాయవచ్చు. నిట్‌లలో ఆడపిల్లల కోసం 2018 నుండి అదనపు సీట్లు సృష్టించారు. అయినా ఇంటి నుండి నడిచి వెళ్లగల దూరంలో కళాశాల ఉన్న అమ్మాయిని సైతం ఇంటర్‌తో ఆపి పెళ్లి సంబంధాలు చూసే తండ్రులు ఉన్నారు. తొలి దైవవాణి చదవమన్న ఆజ్ఞతో మొదలైంది. అది కొడుకులకే అని ఎవరు చెప్పారు?

మన సంఘాలు శాలువాలకూ ఫ్లెక్సీలకూ పెట్టే ఖర్చులో సగం చాలు, ప్రతి పట్టణంలో ఒక మసీదు ప్రాంగణంలో సాయంత్రం లెక్కల తరగతి నడపడానికి. ఫీజు కట్టలేని పేద విద్యార్థికి జకాత్‌ ఇవ్వడానికి సంకోచించనక్కరలేదు. ఏప్రిల్‌ నెలలో ఒక శుక్రవారం జుమా తరువాత పత్రాల సహాయ కేంద్రం పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

ప్రభుత్వాలను మనం అడగవలసినవి నాలుగు. ఒకటి, బి.సి.-ఇ లోని వర్గాలను కేంద్ర ఓ.బి.సి. జాబితాలో చేర్చాలని రాష్ట్ర ప్రభుత్వం జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు ఆధారాలతో సిఫారసు చేయాలి. జాబితా సవరణ పార్లమెంటు పని కనుక మన ఎంపీలు అక్కడ గొంతు విప్పాలి. రెండు, కేంద్ర ప్రయోజనాలకు బి.సి.-ఇ కుటుంబాలకు ఇ.డబ్ల్యు.ఎస్‌. పత్రం ఇవ్వాలని ప్రతి తహసీల్దారు కార్యాలయానికీ, ప్రతి సచివాలయానికీ తెలుగులో స్పష్టమైన ఉత్తర్వు పంపాలి. మూడు, ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలను సకాలంలో చెల్లించాలి. బకాయి సాకుతో విద్యార్థి సర్టిఫికెట్లు బిగబట్టే యాజమాన్యాల మీద చర్య తీసుకోవాలి. నాలుగు, కోత పెట్టిన మైనారిటీ ఉపకార వేతనాలను పునరుద్ధరించాలి.

ఎన్నికల వేళ మన వీధికి వచ్చే ప్రతి అభ్యర్థినీ హజ్‌ హౌస్‌ గురించి, షాదీఖానా గురించి అడుగుతూ వచ్చాము. ఈసారి జాబితా గురించి అడుగుదాం. “మా ఊరి నిట్‌లో మా బిడ్డ ఎవరు?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడికి మన ఓటు మీద హక్కు లేదు.