పెరటిలోని నిప్పు

ఇల్లు కొనదలచిన బంధువుతో కలిసి ఆత్మకూరులో ఒక పాత మిద్దెను చూడబోయాను. పెరటిలో, ఇంటికి పదడుగుల ఎడంగా, పెంకుల కప్పుతో ఒక చిన్న గది. అందులో మసిబారిన రాగి బాయిలరు. నడిమి గొట్టంలో సర్కారుతుమ్మ పుల్లలు వేసి అంటిస్తే చుట్టూ ఉన్న నీరు కాగుతుంది. పైనుండి చన్నీళ్ళు పోస్తే పక్కనుండి వేణ్ణీళ్ళు వస్తాయి. ఉదయగిరి వైపు పెరిగిన నాకది బాల్యమిత్రుని వలె తోచింది.

“ఈ గది పడగొట్టి, స్నానాలగదిలో గ్యాసు గీజరు పెట్టిస్తాను” అన్నాడు మావాడు.

అది ప్రమాదమని నా అభిప్రాయం. గాలి ఆడని గదిలో గ్యాసు మండితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్నానానికి వెళ్ళిన మనిషి మరి తలుపు తీయడు. మన పెద్దలకు ఈ రసాయనశాస్త్రం తెలియకపోవచ్చు. నిప్పు, పొగ ఇంటికి ఎడంగా ఉండాలని మాత్రం తెలుసు.

పాతదంతా గొప్పదని నేననను. పుల్లలు ఏరినదీ, పొగ మింగినదీ ఇంటి ఆడవారే. 20 లీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడెక్కించడానికి అర యూనిట్టు విద్యుత్తు చాలు. సౌర హీటరుకు ఎండ కాసిన నాడు అదీ అక్కరలేదు. బాయిలరును తీసివేయండి, గదిని ఉంచండి. గ్యాసే కావాలంటే గీజరును గాలి ఆడే ఆ గదిలో బిగించి, వేణ్ణీళ్ళను గొట్టంతో లోపలికి తెచ్చుకోండి. కొనేముందు ఆ గది ఉన్న జాగా దస్తావేజులోని చెక్కుబందిలో చేరినదో లేదో కూడా చూసుకోండి.

మావాడు ఇంకా ఆలోచనలోనే ఉన్నాడు. గది నిలిచే ఉంది.