తూము పక్కన కారే నీళ్ళు

పోయిన వానాకాలం మా ఊరి చెరువు కట్ట మీద రెండు రాత్రులు జాగారం చేశాం. అలుగు బాగానే పారుతోంది. భయమంతా తూము దగ్గరే. పాత రాతి తూము తీసేసి సిమెంటు పైపు వేశారు. నీళ్ళు ఆ పైపులోంచి కాదు, పైపు పక్కనుంచి కారుతున్నాయి. తాతయ్య టార్చి వేసి చూసి, "ఒరేయ్, తేటగా కారితే కారనీ. రంగు మారిందంటే మాత్రం ఊరంతా లేపాలి" అన్నాడు.

తెల్లారేసరికి ఎర్రగా మారింది. అంటే నీళ్ళతోపాటు కట్ట మట్టి కూడా పోతోందన్నమాట. ఇలా లోపల్లోపల సొరంగం పడటాన్నే మన సివిల్ వాళ్ళు 'పైపింగ్' అంటారు (పైపు లేని కట్టలో కూడా పేరు అదే!). ఊళ్ళో వాళ్ళు ఊట బయటికొచ్చే చోట ఇసుక పోసి, దాని మీద కంకర పోశారు. నీళ్ళు ఆగలేదు, కానీ తేటబడ్డాయి. ఈలోగా చెరువు మట్టం కూడా దించారు. గండి పడలేదు.

ఇదే ప్రశ్న పరీక్షలో వస్తే నేను ఏం రాసేవాణ్ణి? "పైపు చుట్టూ కాంక్రీటు కాలర్లు కట్టాలి, ఊట దారి పొడవు పెరుగుతుంది" అని. మార్కులు కూడా పడేవి. కానీ నీళ్ళు టేపు పట్టుకుని దారి కొలుచుకుంటూ రావు కదా, వదులుగా ఉన్న చోటు వెతుక్కుంటాయి. గుండ్రటి పైపు కింది పక్కలకు రోలర్ అందదు. కాలర్ కడితే అందని మూలలు ఇంకా పెరుగుతాయి. పైగా పైపు కుంగదు, అటూ ఇటూ మట్టి కుంగుతుంది, దాంతో సన్నని పగుళ్ళు వస్తాయి.

అమెరికాలో నేల సంరక్షణ శాఖ ఇంజనీర్లు 1980లలోనే కాలర్లు మానేసి, కట్ట దిగువ సగంలో పైపు చుట్టూ ఇసుక వడపోత పొర పెట్టడం మొదలుపెట్టారు. ఊటను ఆపాలని చూడరు. నీటిని పోనిచ్చి మట్టిని పట్టుకుంటారు. ఆ నీళ్ళు కట్ట అడుగు నుంచి బయటికి పోయే దారి కూడా పెడతారు, లేకపోతే లాభం లేదు. ఇసుక ఏదైనా సరిపోదు: టెర్జాగి లెక్క ప్రకారం దాని డీ15, కట్ట మట్టి డీ85కి నాలుగైదు రెట్లు మించకూడదు. ఈ లెక్క మన సిలబస్‌లోనే ఉంది, కాకపోతే వేరే చాప్టర్‌లో. చెరువు తూముకీ దానికీ ముడి ఎవరూ వెయ్యరు. మనమూ అడగం.

ఇసుక రేటు చూశావా అంటారు. చూశాను. గండి పడితే పోయే పంట రేటు కూడా చూశాను.

ఈ ఎండాకాలం తూము రిపేరుకి ఎస్టిమేట్ వచ్చింది. అందులో కాలర్లు మూడు ఉన్నాయి, ఇసుక ఊసే లేదు. అర్జీ నేనే రాశాను, కింద తాతయ్య సంతకం పెట్టాడు.