ఐగుప్తు పుట్టినిల్లు

గడచిన వేసవి సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని నిజామాబాదునుండి హైదరాబాదునకు బోయి, పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలను జూచితిమి. అచట ఐగుప్తు దేశపు మమ్మీ యొకటి కలదు. 1920 ప్రాంతమున నజీర్ నవాజ్ జంగుగారు దానిని దెప్పించి ఏడవ నిజామునకు గానుకగా నొసగిరనియు, 1930లో అది ప్రదర్శనశాలకు జేరెననియు జెప్పుదురు. రెండువేల యేండ్లకు పైబడిన యా దేహమును జూచి మా చిన్నది, "అమ్మా, ఐగుప్తు ఆఫ్రికాలోనిదేనా?" యని యడిగెను. ప్రక్కనున్న మా పెద్దత్తగారు నవ్వి, "నల్లవారికి ఇంతటి తెలివి యెక్కడిదే!" అనిరి.

మా చిన్నది నలుపు. మరి మాటాడలేదు. ఇల్లు చేరువఱకును తన చేతులనే చూచుకొనుచుండెను. పెద్దవారని నేనును ఊరకుంటిని. అది నా తప్పు. ఆనాడు చెప్పవలసిన బదులును నేడిచట వ్రాయుచున్నాను.

ఐగుప్తు ఆఫ్రికాఖండపు ఈశాన్యభాగమున నున్నది. దానిని బోషించు నైలునది దక్షిణమునుండి యుత్తరమునకు బాఱును. పూర్వము వఱదలతో పొలములపై బఱచుకొనిన ఒండ్రుమట్టి చాలవఱకు ఇథియోపియా కొండలనుండి వచ్చినదే. కందకుర్తిలో గోదావరీస్నానము చేయుచు, త్ర్యంబకముతో ఈ నీటికి సంబంధము లేదనువారు గలరా? ప్రాచీన ఐగుప్తీయులు తమ దేశమును "కెమెత్" అని పిలుచుకొనిరి. నల్లనేల యని దాని యర్థము. చెఱకు పండించు బోధను సీమవారికి నల్లరేగడి విలువ వేఱుగ జెప్పనేల?

ఐగుప్తునకు దక్షిణమున, నేటి సూడానులో, కుషు రాజ్యము వర్ధిల్లెను. క్రీ. పూ. 8వ శతాబ్దమున కుషు రాజులు ఐగుప్తును జయించి, 25వ రాజవంశముగా సుమారు నూఱేండ్లు ఏలిరి. ఉభయులును అమోను దేవుని గొలిచిరి. సూడానులో 200కు మించిన పిరమిడ్లు గలవు. సంఖ్యలో ఐగుప్తువానికంటె నెక్కువ. కుషు రాణులకు "కందకే" యను బిరుదుండెడిది. అట్టి రాణి యొకతె క్రీ. పూ. 25 ప్రాంతమున రోమకులతో బోరాడి, తుదకు అగస్టసు చక్రవర్తితో గౌరవముగా సంధి గుదుర్చుకొనెను. ఆ చక్రవర్తి కంచువిగ్రహపు శిరస్సు 1910లో మెరోయే నగరమున ఒక గుడిమెట్ల క్రింద దొరకినది. వచ్చిపోవువారు త్రొక్కునట్లు దానిని బాతిపెట్టియుండిరి!

ఐగుప్తునకు పశ్చిమాసియాతోను రాకపోకలు గలవు; అచటి ప్రజ లందఱును ఒకే వన్నెవారును గారు. ఆఫ్రికాలోని ప్రతి గొప్పదనమును ఐగుప్తునుండియే వ్యాపించిన దనుటయు బొరపాటే. గ్రేట్ జింబాబ్వేలోని రాతికోటలు షోనాజాతి పూర్వులు తమంతట గట్టుకొనినవి. అయినను, మెట్టినింటి బంధుత్వము లెన్ని కలిగినను పుట్టినిల్లు మాఱునా? ఐగుప్తు పుట్టినిల్లు ఆఫ్రికాయే.

మన వంటయింటికిని ఆ సీమతో సంబంధము గలదు. జొన్న ఆదిలో ఆఫ్రికా పంట. సూడాను తూర్పుభాగమున 5000 ఏండ్ల నాటి కుండపెంకులపై జొన్నపొట్టు గుర్తులు కానవచ్చినవి. మన యూళ్లలో ఉర్దూ మాటలాడువారు కలకండను "మిస్రీ" యందురు. "మిస్ర్" అనగా ఐగుప్తే. షక్కరునగరులోని చక్కెర కర్మాగారము 2015లో మూతబడినను, ఆ తీయని మాట మాత్రము నిలిచియున్నది.

మఱునాడు జొన్నరొట్టె కాల్చుచు ఈ సంగతులన్నియు మా చిన్నదానికి జెప్పితిని. అది రొట్టెముక్క చేతబట్టి, "అయితే ఇది నల్లవారు మన కిచ్చినదా?" యని యడిగెను. ఔనంటిని. పీటపైనున్న పెద్దత్తగారు విని, కొంతసే పూరకుండి, "దానికి ఇంకొక రొట్టె వేయుమమ్మా" అనిరి.

సోదరీమణులారా! పెండ్లిచూపులనాడు మొదలు పురిటిగదివఱకు మన యిండ్ల మొదట నడుగునది వన్నెయే కదా! పిల్లలకు హైదరాబాదు చూపునపుడు ప్రదర్శనశాలతోబాటు ఏ. సి. గార్డ్సు పేటను గూడ జూపుడు. నిజాముల కొలువున నుండిన ఆఫ్రికా అశ్వికభటులనుబట్టి దానికా పేరు వచ్చినది. వారి సంతతివా రిప్పటికిని మన నడుమ నున్నారు. ఖండాంతరముల చరిత్ర మన బిడ్డల కేల యని యెవ్వరైన నడిగిన, తన చేతులను జూచుకొని సిగ్గుపడకుండుట కని చెప్పుడు.