బళ్ళు తీసేస్తే మిగిలేది ఊరేనా?

బాంకాక్ వెళ్ళివచ్చానని చెప్పగానే మనవాళ్ళు అడిగే ప్రశ్నలు రెండే: ఏమేం కొన్నారు? తిండికి ఎలా గడిచింది? రెండో ప్రశ్నలో కాస్త జాలి ధ్వనిస్తుంది. పులిహోర పొట్లాలు, ఆవకాయ సీసాలు మోసుకువెళ్ళి, ఏదో ఉత్తరాది భోజనశాలలో పప్పు తిని, ఊరంతా చూసేశామని తిరిగివచ్చే వారి జాలి నాకక్కరలేదు.

అక్కడ సందును సోయ్ అంటారు. యావరాత్ రోడ్డును ఆనుకొని ఉన్న సంపెంగ్ సందులో ఒక తోపుడుబండి ఎదురైతే చాలు, మనిషి గోడకు అంటుకుపోవాలి. 1782లో మొదటి రాముడు రాజప్రాసాదం కట్టదలచినప్పుడు, ఆ స్థలంలోని చీనా వర్తకులను ఖాళీ చేయించగా వారు వచ్చి స్థిరపడ్డ చోటది. అంటే ఆ పేట పుట్టుకకే ఒక తరలింపు మూలం.

ఆ చుట్టుపక్కల ఒక బండి వద్ద ఒకామె మట్టిరోట్లో పచ్చిమిరప, వెల్లుల్లి, పచ్చిబొప్పాయి తురుము వేసి దంచుతోంది. ఆ రోకటి చప్పుడు నాకు పరాయిదనిపించలేదు. మా అమ్మమ్మ వంటింట్లో విన్నదే. చేపరసం, ఎండురొయ్యలు వద్దని సైగ చేశాను. నవ్వి, నిమ్మరసం రెండింతలు పిండింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ తిన్నాను. శాకాహారులకు అక్కడ దిక్కులేదనేవారు, పసుపుపచ్చ జెండాపై ఎర్రటి అక్షరాలతో 'జే' అని రాసిన దుకాణాన్ని చూసి ఉండరు.

ఇక అసలు విషయం. 2016లో పాక్ ఖ్లోంగ్ పూలబజారు కాలిబాటలపై అమ్మకందార్లను తొలగించారు. 2017 ఏప్రిల్‌లో నగరపాలకులు వీధి అమ్మకాలను కాలిబాటల నుండి తీసివేస్తామన్నారు. గగ్గోలు పుట్టాక యావరాత్‌ను, ఖావోసాన్‌ను మినహాయిస్తామన్నారు. ఈ మినహాయింపును గమనించండి. విదేశీయులు ఫోటోలు తీసుకునే వీధులకు రక్ష, వంటగది లేని అద్దెగదుల్లో బతికే కూలివాడు అన్నం కొనుక్కునే వీధికి చీపురు! అదే ఏడాది డిసెంబరులో, వీధివైపు తెరిచి ఉన్న చిన్న దుకాణంలో బొగ్గుల పొయ్యిపై వండే జే ఫాయ్‌కి మిషెలిన్ తార దక్కింది. వీధి వంటకు ఒక చేత్తో కిరీటం, మరో చేత్తో తాఖీదు.

కాలిబాట నడిచేవారిది కాదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చక్రాల కుర్చీలో వెళ్ళేవారికి దారి ఉండాల్సిందే, మురుగుకు కాలువ ఉండాల్సిందే. కానీ సింగపూరు 1970ల నుండి నీళ్ళు, మురుగుపారుదల ఉన్న హాకర్ సెంటర్లు కట్టి బళ్ళవాళ్ళకు చోటిచ్చింది. 2020లో ఆ సంస్కృతిని యునెస్కో గుర్తించింది. అక్కడా తరలింపు ఉంది, అయితే వెళ్ళడానికి ఒక చోటు చూపించారు. చోటు చూపకుండా ఊడ్చేదాన్ని శుభ్రత అనడం నాకు చేతకాదు.

బాంకాక్‌ను తప్పుపట్టి చేతులు దులుపుకోలేను. సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వీధి వ్యాపారిని ఖాళీ చేయించరాదని మన దేశంలో 2014 చట్టమే చెబుతోంది. అయినా మన వీధిలోకి మునిసిపాలిటీ లారీ వచ్చి ఇడ్లీబండి ఎత్తుకుపోతే, "పోనీలే, రోడ్డు ఖాళీ అయింది" అనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. పరాయి ఊళ్ళో ఒక రోటి పచ్చడి తిన్నాక గాని ఆ మాటకు సిగ్గు కలగలేదు.