ఆపద వేళ వెతికే రక్తం ఎంత క్షేమం?

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడడంతో కార్మిక కుటుంబాలకు ఉపాధితో పాటు గని ఆసుపత్రి అండ కూడా దూరమైంది. నాటి నుంచి కె.జి.ఎఫ్., బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల వారు పెద్ద వైద్యం కావలసివస్తే కోలారుకో, బెంగళూరుకో, సరిహద్దు దాటి కుప్పానికో పరుగెత్తుతున్నారు. కాన్పులో అధిక రక్తస్రావమైనా, జాతీయ రహదారిపై ప్రమాదం జరిగినా వినిపించే మొదటి మాట ‘రక్తం కావాలి’. ఆ మాట చెవిన పడగానే బంధువులు దాత కోసం ఊరంతా గాలిస్తారు. దొరికిన రక్తం క్షేమమైనదేనా అన్న ప్రశ్న ఆ గాభరాలో ఎవరికీ తట్టదు.

ఒకప్పుడు దేశంలో డబ్బుకు రక్తం అమ్ముకునేవారి మీదనే ఎన్నో రక్తనిధులు ఆధారపడేవి. కామన్ కాజ్ సంస్థ వేసిన వ్యాజ్యంలో 1996 జనవరి 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ వ్యాపారానికి చరమగీతం పాడింది. లైసెన్సు లేని రక్తనిధులు మూతపడాలనీ, రెండేళ్లలో రక్త విక్రయం అంతం కావాలనీ ఆదేశించింది. ఎక్కించే ప్రతి సీసా రక్తానికీ హెచ్‌.ఐ.వి., హెపటైటిస్‌–బి, హెపటైటిస్‌–సి, సుఖవ్యాధి సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. ఇది కేంద్ర చట్టం కనుక కోలారుకైనా, కుప్పానికైనా, కృష్ణగిరికైనా ప్రమాణం ఒక్కటే.

అయితే కాగితంపై ఉన్న ప్రమాణం ఒక్కటే ప్రాణరక్ష కాదు. తమిళనాడులోని సాత్తూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక గర్భిణికి హెచ్‌.ఐ.వి. ఉన్న రక్తం ఎక్కించిన ఉదంతం 2018 డిసెంబరులో దేశాన్ని నివ్వెరపరచింది. ఆ రక్తమిచ్చిన యువకుడు తన బంధువు కోసం దానం చేసినవాడు. అంతకు రెండేళ్ల ముందు ఇచ్చిన రక్తంలోనే వ్యాధి కనిపించినా ఆ సంగతి అతనికి చేరలేదు. పరీక్షించిన చేతి పొరపాటు, దాతకు తెలియజేయని నిర్లక్ష్యం రెండూ కలిసి ఒక నిరపరాధి బ్రతుకును బలిగొన్నాయి.

ఈ ఉదంతం నేర్పే పాఠం ఒకటుంది. ‘మనవాళ్ల రక్తమే మంచిది’ అన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉన్నది. వైద్యశాస్త్రం ఇందుకు భిన్నంగా చెబుతున్నది. మొహమాటానికో, ఒత్తిడికో వచ్చిన బావమరిది తన జబ్బును నలుగురిలో చెప్పుకోలేడు. వ్యాధి సోకిన తొలి రోజులలో పరీక్షలకు చిక్కని వ్యవధి ఒకటుంటుంది. అప్పుడు దాత చెప్పే నిజమే రక్షణ. పైగా, రక్తసంబంధీకుల రక్తాన్ని వికిరణంతో శుద్ధి చేయకుండా ఎక్కిస్తే అరుదుగానైనా ప్రాణాంతకమైన ప్రతిచర్య కలుగుతుంది. కనుక క్రమం తప్పక, స్వచ్ఛందంగా ఇచ్చే దాతయే అందరికన్నా క్షేమకరమైన దాత.

క్రమం తప్పకపోవడం ఎందుకంటే రక్తం ఎక్కువ కాలం నిలవదు. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు కేవలం 5 రోజులు. నాయకుల పుట్టినరోజున ఒకేసారి వందల మంది ఇచ్చి ఏడాదంతా మరచిపోతే ప్రయోజనం స్వల్పం. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చును. ఊళ్లు వంతులు వేసుకొని ఇస్తే నిల్వ తరగదు. తాలూకా ఆసుపత్రులలో అనుమతితో రక్త నిల్వ కేంద్రాలు నడపడానికి నిబంధనలు అవకాశమిస్తున్నాయి. అక్కడ రక్తం సేకరించరు. లైసెన్సున్న కేంద్రం పరీక్షించి పంపిన రక్తాన్ని మాత్రమే భద్రపరుస్తారు. తమ తాలూకాలో అది ఉన్నదా, దాని శీతలయంత్రానికి రాత్రింబవళ్లు కరెంటు అందుతున్నదా అని పంచాయతీలు నిలదీయవలసి ఉన్నది.

అవయవాల విషయంలోనూ నీతి ఇదే. 1995లో బెంగళూరులో బయటపడిన కిడ్నీల వ్యాపారం పేదల శరీరాన్ని సరుకుగా మార్చింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం కొన్నా, అమ్మినా నేరమే. పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు మరో రాష్ట్రమైన ఈ ప్రాంతంలో మరొక చిక్కున్నది. పలమనేరులోని అన్న బెంగళూరులో చికిత్స పొందే చెల్లెలికి కిడ్నీ ఇవ్వదలిస్తే, అతని నివాసాన్ని తహశీల్దారు వంటి అధికారి ధ్రువీకరించాలి. ఆ పత్రం ముందే సిద్ధం చేసుకుంటే విలువైన వారాలు మిగులుతాయి. మరణానంతర దానం కోసం ఎదురుచూసేవారి జాబితాలు కర్ణాటకలో జీవసార్థకతే, ఆంధ్రప్రదేశ్‌లో జీవన్‌దాన్ నిర్వహిస్తున్నాయి. నమోదుకు స్థానిక నివాస పత్రం కోరరాదని 2023లో కేంద్రం రాష్ట్రాలకు తెలియజేసింది.

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం తగదని పెద్దల మాట. రక్తానికి లైసెన్సున్న కేంద్రం ఏది, దాని ఫోను నంబరు ఏది, ఇంట్లో ఎవరిది ఏ గ్రూపు అనేవి కాన్పు తేదీకి ముందే గోడమీద వ్రాసి ఉంచాలి. రసీదు లేని రక్తాన్ని నిరాకరించాలి. రక్తానికి వెల లేదు, పరీక్షలకూ నిల్వకూ మాత్రమే నిర్ణీత రుసుము. ఆపద రాకముందు ఇచ్చిన రక్తమే ఆపద వేళ ఆదుకుంటుంది.